సముద్రపు నాచుకు నాలుగు మార్కులు



నేను విశాఖపట్నం క్యాంపస్‌లో ఆర్ట్ టీచర్‌ని. ఈ పేజీలో మామూలుగా మేం మీకు సలహాలు చెబుతుంటాం. ఈసారి ముందు నా పొరపాటు ఒకటి చెప్పుకుని, ఆ తర్వాత మిమ్మల్ని ఒకటి అడుగుతాను.

గత ఏడాది దసరా సెలవులకు ఏడో తరగతి పిల్లలకు 'సముద్ర సంపద' అనే అంశం మీద ఆర్ట్ ప్రాజెక్ట్ ఇచ్చాను. సెలవులయ్యాక 38 ప్రాజెక్టులు నా టేబుల్ మీదికి వచ్చాయి. ఎక్కువ భాగం థర్మోకోల్ షీట్లు, మెరుపు పొడి, నెట్ సెంటర్‌లో తీయించిన కలర్ ప్రింట్లు. నాలుగు చార్టుల మీద ఒకటే తాబేలు బొమ్మ. నలుగురూ ఒకే షాపుకి వెళ్ళారన్నమాట. అన్నీ నీట్‌గా ఉన్నాయి. ఎనిమిదులు, తొమ్మిదులు వేశాను.

ఒక అమ్మాయి మాత్రం పాత లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది. సెలవుల్లో భీమిలిలో వాళ్ళ అమ్మమ్మగారింట్లో ఉందట. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు ఏరుకొచ్చి, న్యూస్‌పేపర్ మడతలో పెట్టి, అమ్మమ్మ చేత పైన సన్నికల్లు పెట్టించి ఆరబెట్టింది. ఆరిన ముక్కల్ని ఫెవికాల్‌తో నోట్‌బుక్‌లో అతికించింది. ఎదురు పేజీలో ఒక్కో ముక్కనీ చూసి పెన్సిల్‌తో బొమ్మ గీసింది. బొమ్మలు అంత తిన్నగా లేవు. ఒక ముక్క న్యూస్‌పేపర్‌కి అంటుకుపోయి సగం చిరిగింది. ఇంకోదాని మీద పేపర్‌లోని అక్షరాలు తిరగబడి అచ్చయ్యాయి. పుస్తకం తెరవగానే ఎండుచేపల వాసన. పదికి నాలుగు వేశాను. 'నీట్‌నెస్ అవసరం' అని ఎర్ర పెన్నుతో పక్కన రాశాను కూడా.

తర్వాతి పీటీఎంకి వాళ్ళమ్మగారు వచ్చారు. "సారీ మేడమ్, పండక్కి ఊళ్ళో ఉండిపోయాం. ఈసారి షాపులో బాగా చేయించి పంపిస్తాం" అన్నారు. పాప పక్కనే నిలబడి తన బూట్లు చూసుకుంటోంది.

ఇంటికి వెళ్ళాక కూడా ఆ 'చేయించి' అన్న మాట నన్ను వదల్లేదు. చేసి తెచ్చిన పిల్లకు నాలుగు వేసి, చేయించి తెచ్చిన పిల్లలకు తొమ్మిది వేశాను. మళ్ళీసారి ఏం చేయాలో ఆ తల్లికి నేర్పింది నా ఎర్ర పెన్నే.

అందుకే ఈ వ్యాసం. నా అభిప్రాయం ఇది: పిల్లలకు ఆర్ట్ రావాలంటే ముందు ఒక నిజమైన వస్తువును తమ చేత్తో పట్టుకుని, తమ కళ్ళతో చాలాసేపు చూడాలి. అలా చూడటం నేర్పడానికి ఆరబెట్టిన సముద్రపు నాచు లాంటి వస్తువు నాకు ఇంతవరకు మరొకటి దొరకలేదు. మనం కొని ఇచ్చే బొమ్మ ఆ అవకాశాన్ని వాళ్ళ చేతిలోంచి లాగేసుకుంటోంది.

180 ఏళ్ళ కిందటి ఒక నాచు పుస్తకం

ఆ పాప చేసిన పనే ఇంగ్లండ్‌లో ఒకావిడ చేశారు. ఆవిడ పేరు అన్నా అట్కిన్స్. 1799లో పుట్టారు. పసితనంలోనే తల్లి చనిపోతే శాస్త్రవేత్త అయిన తండ్రి దగ్గర పెరిగారు. ఆ రోజుల్లో ఆడపిల్లలకు దొరకని సైన్సు చదువు ఆమెకు ఇంట్లోనే దొరికింది. తండ్రి గవ్వల మీద ఒక ఫ్రెంచి పుస్తకాన్ని అనువదిస్తుంటే దానికి రెండు వందలకు పైగా బొమ్మలు గీసి ఇచ్చారు. అంటే చెయ్యి బాగా తిరిగిన చిత్రకారిణే.

అప్పట్లో బ్రిటన్ తీరంలోని నాచుల మీద 1841లో వచ్చిన ఒక మంచి పుస్తకం ఉండేది. అందులో వర్ణనలు ఉన్నాయి, బొమ్మలు లేవు. ఆ లోటు పూరించాలని అట్కిన్స్ అనుకున్నారు. కానీ నాచులు కొన్ని వెంట్రుకంత సన్నంగా ఉంటాయి. వాటిని ఉన్నదున్నట్టు గీయడం చాలా కష్టమని ఆమెకు తెలుసు. సరిగ్గా అప్పుడే, 1842లో, వాళ్ళ కుటుంబానికి స్నేహితుడైన సర్ జాన్ హెర్షెల్ 'సయనోటైప్' అనే పద్ధతి కనిపెట్టాడు. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద వస్తువును పెట్టి ఎండలో ఉంచి, తర్వాత నీళ్ళలో కడిగితే, ఎండ తగిలిన చోటు ముదురు నీలంగా మారుతుంది. వస్తువు ఉన్న చోటు తెల్లగా మిగులుతుంది. తర్వాతి కాలంలో ఇంజనీర్లు వాడిన బ్లూప్రింట్ ఇదే.

అట్కిన్స్ ఆరబెట్టిన నాచుల్ని ఆ కాగితం మీద పరిచి ఎండలో అచ్చు తీశారు. 1843 అక్టోబర్‌లో మొదటి భాగం వచ్చింది. పని పూర్తయ్యేసరికి 1853 అయింది. ఒక్కో ప్రతిలో దాదాపు 400 పేజీలు. ప్రతి పేజీనీ విడిగా, చేత్తోనే తీయాలి. ఫొటోలతో వచ్చిన మొట్టమొదటి పుస్తకంగా ఇప్పుడు ప్రపంచం దాన్ని గుర్తిస్తోంది. ఆమె మాత్రం తన పేరు పూర్తిగా రాసుకోకుండా 'ఏ.ఏ.' అని రెండు అక్షరాలే వేసుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత దాన్ని చూసిన ఒక పండితుడు, ఆ అక్షరాలకు అర్థం 'పేరు తెలియని ఔత్సాహికుడు' అయి ఉంటుందనుకున్నాడు.

ఆ పేజీలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఈ ఆదివారం ఫోన్‌లో పిల్లలకు ఒక పది పేజీలు చూపించండి. నీలం నేపథ్యం మీద తెల్లటి నాచు, సముద్రంలో తేలుతున్నట్టే ఉంటుంది. అది సైన్సు పుస్తకమా, ఆర్ట్ పుస్తకమా అని వాళ్ళనే అడగండి.

చూస్తే గాని తెలియని సంగతులు

నాచు అనగానే మనకు చెరువు మెట్ల మీద జారేది గుర్తొస్తుంది. సముద్రపు నాచు అలా ఒకే రకం కాదు. విశాఖలో తెన్నేటి పార్క్ కింద రాళ్ళ దగ్గర ఆటు సమయంలో నిలబడితే పచ్చనివి, గోధుమ రంగువి, ఎర్రనివి మూడూ కనిపిస్తాయి. ఈ తీరపు నాచుల్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రవేత్తలు ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు ఏడాది పొడవునా గమనించారు. ఆ పని మీద వారు రాసిన పరిశోధనా పత్రం 1964లో 'జర్నల్ ఆఫ్ ఎకాలజీ'లో వచ్చింది. మన పిల్లలు సెల్ఫీలు దిగే రాళ్ళ మీదే ఆ పని జరిగింది.

ఈ మధ్య మా పిల్లల ముందు మూడు ఆరబెట్టిన ముక్కలు పెట్టి, పావుగంట సేపు మాట్లాడకుండా గీయమన్నాను. తర్వాత వాళ్ళు అడిగిన ప్రశ్నలు వినండి.

మొదటిది ఉల్వా. పచ్చని రిబ్బన్‌లా ఉంటుంది. "మేడమ్, దీని కింద పెట్టిన కాగితం మీద గీత కూడా కనిపిస్తోంది. ఇంత పల్చగా ఎలా ఉంది?" అని ఒక బాబు అడిగాడు. దాని మందం రెండే రెండు కణాలు. ఆ సంగతి టెక్స్ట్‌బుక్‌లో చదివి ఉంటే పరీక్ష దాకా గుర్తుండేది. పెన్సిల్ షేడింగ్ ఎంత తేలిగ్గా వేయాలో తేల్చుకోలేక వాడే అడిగాడు కాబట్టి ఇంక మరిచిపోడు.

రెండోది సర్గాసం. గోధుమ రంగులో కొమ్మలు, ఆకుల్లాంటివి, మధ్యమధ్య మిరియాలంత బుడగలు ఉంటాయి. "ఇవి కాయలా?" అని అడిగారు. కావు. గాలి బుడగలు. వెలుతురు అందేలా నాచును పైకి తేల్చి ఉంచడానికి అవి పనికొస్తాయి.

మూడోది పడీనా. చిన్న విసనకర్రలా ఉండి, దాని మీద వంపు తిరిగిన చారలు వరసగా ఉంటాయి. గీయడానికి కూర్చున్న పిల్లలందరూ ఒకచోట ఆగిపోయారు. "వేరు ఎక్కడుంది మేడమ్?" నిజమే, వేరు లేదు. నాచుకు వేరూ, కాండమూ, నిజమైన ఆకూ లేవు. రాయిని పట్టుకుని ఉండటానికి అడుగున ఒక చిన్న పట్టు ఉంటుంది, అంతే. కావలసిన పోషకాల్ని ఒళ్ళంతా పీల్చుకుంటుంది. బొమ్మ గీస్తూ ఆ వేరు కోసం వెతికిన పిల్లలకు ఇది తామే కనిపెట్టిన సంగతిలా అనిపించింది.

నెట్‌లో ప్రింట్ తీసిన బొమ్మ ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా పుట్టించదు. అందులో ఏం చూడాలో ఎవరో ముందే తేల్చేసి ఉంటారు.

లేబుల్ విలువ

ఆ పాప నోట్‌బుక్‌లో ఇంకో సంగతి ఉంది. ప్రతి ముక్క కిందా 'భీమిలి, లైట్‌హౌస్ దగ్గర' అని చోటూ, తేదీ రాసింది. దానికి నేను మార్కులు వేయలేదు, ఎందుకంటే నా మార్కుల పట్టికలో దానికి గడి లేదు.

కాలిఫోర్నియాలో మాంటెరే బే అక్వేరియం పరిశోధకులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. పాత సేకరణల్లో భద్రంగా ఉన్న ఎర్ర నాచు ముక్కల్ని రసాయనికంగా పరీక్షించి, అక్కడి సముద్రంలో అడుగు నుంచి చల్లని నీరు పైకి రావడం ఎప్పుడెప్పుడు ఎలా ఉండేదో 1878 దాకా వెనక్కి అంచనా కట్టారు. ఆ రోజుల్లో నాచును కాగితం మీద అద్ది ఉంచినవాళ్ళకు ఇలాంటి పరీక్ష ఒకటి వస్తుందని తెలిసే అవకాశమే లేదు. వాళ్ళు శ్రద్ధగా చేసిన పని, అందంగా పరిచి, కింద చోటూ తేదీ రాయడం. ఆ రెండు ముక్కలు రాసి ఉండకపోతే అంత పాత నాచు ఉన్నా దాని వయసు తెలిసేది కాదు.

"ఇదంతా ర్యాంకుకి పనికొస్తుందా మేడమ్?"

ఈ ప్రశ్న ప్రతి పీటీఎంలో నన్ను ఎవరో ఒకరు అడుగుతారు. అడగడం తప్పు కాదు. మీరు కట్టే ఫీజు తక్కువ కాదు. ఫౌండేషన్ క్లాసులు, యూనిట్ టెస్టులు, ఒలింపియాడ్ల మధ్య పిల్లలకు ఊపిరి తీసుకునే టైమ్ కూడా ఉండదు. పరీక్షలు దగ్గరపడితే ఆర్ట్ పీరియడ్ మ్యాథ్స్ రివిజన్‌కి వెళ్ళిపోవడం చాలా స్కూళ్ళలో మామూలే. నేనూ ఎన్నోసార్లు నవ్వుతూ నా పీరియడ్ ఇచ్చేశాను.

నాచు బొమ్మ గీస్తే ర్యాంకు వస్తుందని నేను చెప్పను. అలా చెబితే అది అబద్ధం. కానీ చూసి గీసే అలవాటు ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పడానికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది.

1881లో జర్మనీలో వాల్టర్ హెస్సే అనే డాక్టర్ సూక్ష్మజీవుల్ని పెంచడానికి జెలటిన్ వాడుతూ ఇబ్బంది పడుతున్నాడు. ఎండాకాలం వేడికి అది కరిగిపోయేది. ఆయన భార్య ఫానీ హెస్సే ఇంటిపనితో పాటు ఆయన పరిశోధనా పత్రాలకు సూక్ష్మజీవుల బొమ్మలు గీసేది. వంటింట్లో తను చేసే జెల్లీలు మాత్రం ఎండాకాలంలోనూ గట్టిగానే ఉండేవి. వాటిలో ఆమె వేసేది అగర్, అంటే ఎర్ర నాచు నుంచి తీసిన పదార్థం. జావా ద్వీపంలో ఉండి వచ్చిన ఒక పొరుగావిడ దగ్గర దాన్ని నేర్చుకుంది. అది వాడి చూడమని భర్తకు చెప్పింది. ఆ మాట వాళ్ళ నుంచి రాబర్ట్ కోచ్ ప్రయోగశాలకు చేరింది. ఈ రోజుకీ ప్రపంచంలో ఏ ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచినా ఎక్కువగా అగర్ మీదే పెంచుతారు. మన కిరాణా కొట్టులో 'చైనా గ్రాస్' పేరుతో అమ్మేది అదే.

ఆమె చిత్రకారిణి కావడం వల్లే ఆ ఆలోచన వచ్చిందని రుజువు చేయలేను. కానీ రోజూ కళ్ళు పెట్టి చూసే మనిషి గిన్నెలో ఉన్నదాన్ని కూడా అలాగే చూస్తుందని మాత్రం నాకు అనిపిస్తుంది. మీ పిల్లలు రేపు డాక్టరైనా, ఇంజనీరైనా, ఎక్స్‌రే ఫిల్మ్‌లోనో, యంత్రంలోనో ఏదో తేడాను పట్టుకోవలసి వస్తుంది. ఆ పని మొదలయ్యేది ఇక్కడే.

ఇంట్లో ఇలా చేయించకండి, చేయనివ్వండి

ఆ పాప నోట్‌బుక్‌లో నాచు న్యూస్‌పేపర్‌కి ఎందుకు అంటుకుందో తర్వాత నాకు నేనే పరీక్షించి చూసుకున్నాను. నాచులో సహజంగా జిగురు ఉంటుంది. ఆరేటప్పుడు దేన్ని తాకితే దానికి అతుక్కుంటుంది. నిజానికి ఫెవికాల్ కూడా అక్కర్లేదు. ఆ సంగతి ముందే చెప్పవలసింది నేను. చెప్పకుండా మార్కులు కోసేశాను. పద్ధతి ఇది:

1. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాజా ముక్కలే ఏరాలి. రాయికి పట్టుకుని ఉన్నదాన్ని పీకవద్దు. రాళ్ళు బాగా జారతాయి కాబట్టి ఆటు సమయంలో, పెద్దవాళ్ళు పక్కన ఉండగానే వెళ్ళాలి. ఐదారు ముక్కలు చాలు.

2. ఇసుక పోయేలా కడిగి, వెడల్పాటి పళ్ళెంలో కొద్దిగా ఉప్పు కలిపిన నీళ్ళు పోసి అందులో వదలాలి. నీళ్ళలో పడగానే ముద్దగా ఉన్న నాచు విచ్చుకుంటుంది. పిల్లల్ని ఇక్కడ తొందరపెట్టకండి.

3. మందపాటి డ్రాయింగ్ షీట్ ముక్కను నీళ్ళలో నాచు కిందికి జరపాలి. పెయింటింగ్ బ్రష్‌తో కొమ్మల్ని ఒక్కొక్కటిగా సర్దాలి. తర్వాత షీట్‌ను ఒక పక్క నుంచి మెల్లగా పైకెత్తి నీరు జారనివ్వాలి.

4. నాచు పైన బటర్ పేపర్ లేదా పాత పల్చటి నూలు గుడ్డ పరచాలి. దాని పైనా, షీట్ కిందా న్యూస్‌పేపర్లు పెట్టి బరువు ఎత్తాలి. సన్నికల్లు లేకపోతే మీ ఇంట్లో ఉన్న పాత ఎంసెట్ గైడ్లు సరిపోతాయి.

5. న్యూస్‌పేపర్లను రోజూ మార్చాలి. మార్చకపోతే బూజు, వాసన వస్తాయి. పూర్తిగా ఆరడానికి దాదాపు వారం పడుతుంది.

6. కింద చోటు, తేదీ, ఏరినవాళ్ళ పేరు పెన్సిల్‌తో రాయాలి. షీట్‌ను ఎండ తగలని చోట దాచాలి. ఎండ తగిలితే ఎర్ర నాచు రంగు వెలిసిపోతుంది.

మూడో మెట్టు దగ్గర మీ చెయ్యి ఆగదు. "ఇలా తే, నేను సర్దుతాను" అనాలనిపిస్తుంది. నాకూ అలాగే అనిపిస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి.

ఆరిన నాచు నుంచి బొమ్మ దాకా

ఆరబెట్టడంతో పని సగమే అయినట్టు. అక్కడి నుంచి అసలు ఆర్ట్ మొదలవుతుంది. ఒకే ముక్కను మూడు రకాలుగా గీయమని నేను పిల్లలకు చెబుతాను. మొదటిది, కాగితం వంక చూడకుండా నాచు అంచు మీదే కళ్ళు నడిపిస్తూ ఒకే గీతలో గీయడం. రెండోది, నాచును వదిలేసి కొమ్మల మధ్య ఖాళీల ఆకారాలు మాత్రమే గీయడం. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, పైగా కొలతలు వాటంతట అవే కుదురుతాయి. మూడోది, చిన్న భూతద్దం పెట్టి గోరంత భాగాన్ని పేజీ నిండా పెద్దది చేయడం. ఈ మూడూ అయ్యాక పుస్తకం మూసేసి, గుర్తున్నదాన్ని బట్టి తమకు నచ్చిన డిజైన్ వేయమంటాను. చీర అంచు కావచ్చు, గోడ బొమ్మ కావచ్చు, పెడన కలంకారి అచ్చులా వరసగా వచ్చే నమూనా కావచ్చు.

గుర్తుతో గీయడం ఎందుకంటారా? ఫ్రాన్సు చిత్రకారుడు మతీస్ 1930లో తాహితి ద్వీపానికి వెళ్ళి అక్కడి సముద్రాన్ని చూశాడు. 1946లో, అంటే పదహారేళ్ళ తర్వాత, ఆ జ్ఞాపకాల నుంచి నాచులు, చేపలు, పగడాల ఆకారాల్ని కత్తెరతో కాగితంలో కత్తిరించి 'ఓషియానియా' అనే చిత్రాలు చేశాడు. ఒకసారి బాగా చూసినది అంత కాలం లోపల నిలిచి ఉంటుంది.

సయనోటైప్‌కి రసాయనాలు కావాలి కాబట్టి ఇంట్లో పిల్లల చేత వద్దు. దాని బదులు మన వంటింటి పసుపుతో ఎండ అచ్చు తీయవచ్చు. ఒక చెంచా పసుపును నాలుగైదు చెంచాల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి వడకట్టి, మందపాటి కాగితం మీద నీడలో పూసి ఆరనివ్వాలి. స్పిరిట్ త్వరగా అంటుకుంటుంది కాబట్టి ఈ పని మీరు దగ్గరుండి, పొయ్యికి దూరంగా చేయించాలి. నాచును డ్రాయింగ్ షీట్ మీద కాకుండా పారదర్శకమైన ఓహెచ్‌పీ షీట్ మీద ఆరబెట్టి, దాన్ని పసుపు కాగితం మీద ఉంచి, పైన పాత ఫొటో ఫ్రేమ్ అద్దం పెట్టి మంచి ఎండలో రెండు మూడు గంటలు వదిలేయాలి. ఎండ తగిలిన చోట పసుపు వెలిసిపోతుంది. నాచు నీడ పడిన చోట మిగులుతుంది. చివరగా వంటసోడా కలిపిన నీళ్ళు బ్రష్‌తో పూస్తే మిగిలిన పసుపు ఎర్రబారుతుంది. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి ఎలా ఎర్రబడుతుందో అదే కథ. ఎందుకు ఎర్రబడిందో పిల్లలు అడుగుతారు. వెంటనే జవాబు చెప్పకండి, కెమిస్ట్రీ సార్‌ని అడగమనండి.

"మాకు సముద్రం లేదు కదా!"

హైదరాబాద్, వరంగల్, కర్నూలు క్యాంపస్‌ల పేరెంట్స్ ఇలా అనుకుంటున్నారని నాకు తెలుసు. మీ పిల్లలకు సముద్రమే కావాలని లేదు. వేపాకు, చింతాకు, మునగాకు, పెరట్లో గడ్డి, ఆఖరికి కొత్తిమీర కట్టలోని ఒక్క రెమ్మ చాలు. నీళ్ళ పళ్ళెం అక్కర్లేకుండా నేరుగా కాగితాల మధ్య పెట్టి బరువు ఎత్తవచ్చు. గీసే పద్ధతి, లేబుల్, పసుపు అచ్చు అన్నీ ఇవే. వైజాగ్ ట్రిప్ ఎప్పుడైనా వేసుకుంటే ఫొటోలతో పాటు ఒక డ్రాయింగ్ షీట్ల కట్ట కూడా పెట్టుకోండి.

నేను మార్చుకున్నది, మిమ్మల్ని అడిగేది

ఈ ఏడాది నా మార్కుల పట్టిక మార్చాను. 'నీట్‌నెస్' అనే గడి తీసేశాను. దాని స్థానంలో మూడు వచ్చాయి: వస్తువును పిల్లలే సేకరించారా, చోటూ తేదీ రాశారా, గీసేటప్పుడు తట్టిన ఒక ప్రశ్న రాశారా. చిరిగిన ముక్కకు మార్కులు తగ్గవు. ఎలా చిరిగిందో రాస్తే ఒక మార్కు ఎక్కువ. షాపు బొమ్మకు మార్కులు ఉండవు. ఇది మా క్యాంపస్ ప్రిన్సిపాల్ గారికి చెప్పి, ఒప్పించే చేశాను.

మీరు చేయవలసింది చిన్నది. ఈసారి ప్రాజెక్ట్ అనగానే స్టేషనరీ షాపు వైపు స్కూటర్ తిప్పకండి. ఇంట్లో ఒక వారం పాటు ఒక మూల న్యూస్‌పేపర్ల కట్ట, దాని మీద బరువు ఉంటే ఓర్చుకోండి. కొంచెం వాసన వచ్చినా ఓర్చుకోండి. "బాగుంది" అనడానికి ముందు "ఇది ఎక్కడ దొరికింది?" అని అడగండి. పక్కింటి పిల్లల చార్ట్‌తో పోల్చకండి. నాలాంటి టీచర్ ఎవరైనా ఎర్ర పెన్నుతో నీట్‌నెస్ లేదని రాస్తే, వచ్చి మమ్మల్ని అడగండి. ఆ అమ్మగారు నన్ను క్షమాపణ అడిగారు. అసలు అడగవలసింది నేను.

మొన్న జూన్‌లో స్కూల్ తెరిచిన వారంలో కారిడార్‌లో ఆ పాప కనిపించింది. ఇప్పుడు ఎనిమిదో తరగతి. "ఆ నాచు నోట్‌బుక్ ఒకసారి తెస్తావా అమ్మా, పిల్లలకు చూపించాలి" అన్నాను. "లేదు మేడమ్. వాసనొస్తోందని అప్పుడే పాత పేపర్లతో పాటు వేసేశారు" అంది. కాసేపాగి, "దసరాకి మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి వెళ్తాం" అంది.

బటర్ పేపర్ నేనే కొని ఇచ్చాను. ఆ నాలుగు మార్కులు రిజిస్టర్‌లో అలాగే ఉన్నాయి. వాటిని ఇప్పుడు దిద్దలేను. ఈ దసరాకి మీ ఇళ్ళ నుంచి వచ్చేవాటి మీద మాత్రం నా పెన్ను జాగ్రత్తగా కదులుతుందని మాట ఇస్తున్నాను. పిల్లలు చేసిందే పంపండి. వంకరగా ఉన్నా, చిరిగినా, చేపల వాసన వేసినా సరే.

— ఆర్ట్ విభాగం, విశాఖపట్నం క్యాంపస్